మేకుకు తగిలించిన తప్పు

ముదిగుబ్బ దాటి తూర్పుకు ఆరు మైళ్లు పోతే బొమ్మరాళ్లపల్లె వస్తుంది. ఊళ్లోకి అడుగుపెట్టగానే మొదట కనిపించేది కమ్మరి ముత్యాలప్ప కొలిమి. పైన రేకులు, కింద బూడిద, మధ్యలో ముత్యాలప్ప. ఎండిన కందికట్టెలాంటి మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ఇనుముతోనే అయ్యేవి.

ఆ కొలిమికి తాతల నాటి ఆచారం ఒకటి ఉండేది. చేసిన వస్తువు చెడితే, పొద్దుగూకేలోగా దాన్ని మళ్లీ నిప్పుల్లో పెట్టి, సమ్మెటతో సాగగొట్టి, ఇంకో వస్తువుగా మార్చేయాలి. పగుళ్లిచ్చిన కర్రు మేకులైపోతుంది. వంకర తిరిగిన పార కొడవలైపోతుంది. చెడిన వస్తువు మీద దీపం వెలుతురు పడితే కొలిమికి అరిష్టమని తాత అన్నాడట. ఎందుకని ఎవరూ అడగలేదు. తాత చేతిలో ఎప్పుడూ పటకారు ఉండేది. ఈ ఆచారం వల్ల ఇనుము వృథా పోయేది కాదు, కమ్మరి పరువూ పోయేది కాదు. మూడు తరాలుగా ఆ కొలిమిలో ఒక్క పనిముట్టు కూడా చెడలేదు. చెడిందనడానికి సాక్ష్యాన్ని మిగలనిచ్చేవాళ్లు కాదు కాబట్టి ఆ కీర్తికి ఢోకా లేకుండా పోయింది.

ఊరికి కూడా ఒక నమ్మకం ఉండేది. ఇనుప చెయ్యి పడిన విత్తనం మొలవదు. శెనక్కాయ విత్తనం అంటే మనిషి వేళ్లతో ఒలిచిందే. యంత్రంలో వేసి ఒలిస్తే భూమి దాన్ని పుచ్చుకోదు. ఇది వేదకాలం నాటి మాట అనీ, ఋషులకు తెలియనిది లేదనీ పింఛను తీసుకుంటున్న తెలుగు పండితుడొకాయన చెప్పేవాడు. ఋషులు శెనక్కాయలు పండించేవాళ్లా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఈ రెండు కట్టుబాట్ల మధ్య ముత్యాలప్ప నలభై రెండేళ్లు బతికాడు. ఒకదానికీ ఇంకోదానికీ చుట్టరికం ఉంటుందని అతనికి ఎన్నడూ తోచలేదు.

మెట్ట సేద్యంలో ఏడాదికి ఒక్కటే పరీక్ష. ఆరుద్ర కార్తెలోనో పునర్వసులోనో ఒక వాన పడుతుంది. ఆ పదును ఆరేలోగా విత్తనం భూమిలో పడాలి. పడింది మొలవాలి. మొలవకపోతే మళ్లీ విత్తడానికి ఇంట్లో విత్తనం ఉండదు, విత్తనం ఉన్నా పైన వాన ఉండదు. అందుకే వేసవి చివర్లో ఊరి ఆడవాళ్లంతా విత్తనకాయలు ఒలవడానికి కూర్చుంటారు. సాయంత్రం కాయల మీద నీళ్లు చిలకరించి గోనెపట్ట కప్పుతారు. తెల్లారేసరికి పెంకు మెత్తబడుతుంది. ఇక పొద్దస్తమానం బొటనవేలితో నొక్కడం, గింజ మీది పొర చెదరకుండా తీయడం. ఇంటికి ఇరవై రోజులు, నెల రోజులు పట్టే పని.

1999 వేసవిలో ముత్యాలప్ప భార్య మల్లీశ్వరికి రెండు బొటనవేళ్లూ పగిలి నెత్తురు కారింది. కారం తగిలితే ప్రాణం పోయినంత పని. వారం రోజులు ఆమె సంగటి ముద్దను చెంచాతో పొడుచుకుని తిన్నది.

"మల్లీశ్వరి దొరసాని అయ్యిందే!" అని వీధి వీధంతా నవ్వింది. ముత్యాలప్ప నవ్వలేదు. తన పళ్లెంలోది తినడం మాని ఆ చెంచా వైపే చూస్తూ కూర్చున్నాడు.

మూడో నాడు రోడ్డు పనివాళ్లు వదిలేసిన తారు పీపా ఒకటి దొర్లించుకుంటూ వచ్చి, నిలువునా రెండుగా కోశాడు.

"ఏం చేస్తాండావయ్యా?" అని మల్లీశ్వరి అడిగింది.

"నీకు బొటనేలు చేస్తాండా."

ఆ బొటనవేలు చేయడానికి నాలుగేళ్లు పట్టింది. సగం పీపా అడుగున ఇనుప చువ్వల జల్లెడ. లోపల చేత్తో ఊపే చెక్క దూలం. ఊరి నమ్మకాన్ని గౌరవించి ఇనుము గింజకు తగలకుండా దూలానికీ చువ్వలకూ లారీ ట్యూబు రబ్బరు చుట్టాడు. మొదటి జల్లెడలో చువ్వల సందు ఎక్కువై కాయలు ఒలవకుండానే కిందికి జారాయి. ఆచారం ప్రకారం పొద్దుగూకేలోగా అది కొడవళ్లైపోయింది. రెండోదానిలో సందు తక్కువై గింజలు నలిగాయి. అదీ కొడవళ్లే. మూడో జల్లెడకు సందు ఎంత పెట్టాలో మూడు రోజులు ఆలోచించి, చివరికి సరిగ్గా మొదటి జల్లెడ కొలతే పెట్టాడు. మొదటిది అప్పటికే ఎవరి గట్టు మీదో గడ్డి కోస్తోంది. దాన్ని పిలిచి కొలత అడిగే వీలు లేదు.

"ఇట్ల జారేది ముందుగూడా జారినట్టుండాదే," అంది పంకా చక్రం తిప్పుతున్న మల్లీశ్వరి. నిప్పులు రేపే ఆ చక్రం తిప్పేది ఎప్పుడూ ఆమే.

"యాడ జారింది? నాకు గుర్తు లేదు," అన్నాడు ముత్యాలప్ప. అబద్ధం కాదు. నిజంగానే గుర్తు లేదు.

2003 వేసవికి యంత్రం కుదిరింది. ఒక మనిషి ఊపితే మరో మనిషి కాయలు పోస్తే చాలు, ఒక ఇంటి నెల పని అరపూటలో అయిపోయేది. నీళ్లు చల్లి మెత్తబరిచిన కాయలైతే గింజ మీద గీత కూడా పడలేదు. ఒలిచిన నాడే నూరు గింజలు లెక్కబెట్టి, తడి గోనెపట్టలో చుట్టి, మూలన పెట్టారు. నాలుగో రోజు విప్పి చూస్తే తొంభై మూడు మొలిచాయి. ముత్యాలప్ప ఆ పట్టను బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని ఊరంతా తిరిగి చూపించాడు. ఆ రోజు అతను పది మాటల కోటా దాటాడు.

నమ్మిన మొదటి మనిషి సుంకప్ప. ముత్యాలప్ప ఈడువాడే, నాలుగు ఎకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు.

"మొలుస్తాయంటావా?" అన్నాడు సుంకప్ప, పట్టలోని మొలకను గోటితో కదిలించి.

"కండ్లతో చూస్తాండావు గదప్పా."

"కండ్లకేం, అవి ప్రతి ఏడూ మబ్బును చూసి వాన అంటాయి. ముత్యాలూ, మొలవకపోతే నాకు ఈ ఏడు లేదు. ఎద్దుల్ని అమ్మి బెంగళూరుకు పోయి ఇటుకలు మోయల్ల. నీ నోటితో చెప్పు."

"మొలుస్తాయి," అన్నాడు ముత్యాలప్ప.

ఆ ఒక్క మాట మీద సుంకప్ప ఇచ్చాడు. సుంకప్పను చూసి ఇంకో ఏడిళ్లవాళ్లు ఇచ్చారు. నాలుగు రోజుల్లో ఎనిమిది ఇళ్ల విత్తనమూ ఒలిచి, సంచులకెత్తి, మూతులు కుట్టి, గోడలకు ఆనించి నిలబెట్టేశారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఏం చేయాలో తోచక ఒకరి తలలు ఒకరు దువ్వుకున్నారు. ఊళ్లో ఉన్న ఖాళీ సంచులన్నీ దానికే సరిపోయాయి. చివర్లో ఇంటి వెనక తమ ఎకరా చెక్కకు ఒలుచుకున్న విత్తనానికి సంచి దొరక్క మల్లీశ్వరి గొణుక్కుంటూ నడవలో నేల మీదే పరిచింది.

అదే వారంలో మోటారు సైకిలు మీద లక్ష్మీపతి దిగాడు. గ్రామ నవకల్పనల ప్రోత్సాహక సమితి అని అనంతపురంలో కొత్తగా వెలిసిన సంస్థకు అతను క్షేత్ర ప్రతినిధి. రానున్నది జ్ఞానాధారిత సమాజమనీ, అందులో ప్రతి పల్లె నుంచీ ఒక నవకల్పన రావాల్సి ఉందనీ, వచ్చినవాటి జాబితా శ్రావణమాసంలో జరిగే సభకు ముందే అందాలనీ సమితి తీర్మానించింది. జాబితాలో ఇంకా పదకొండు ఖాళీలు ఉన్నాయి. లక్ష్మీపతి చెడ్డవాడు కాదు. ఖాళీలను చూస్తే నిద్రపట్టని మనిషి, అంతే.

"అన్నా, దీనికి ప్రేరణ ఏమని రాయల్ల?" అని ఫారం తీశాడు.

"చెంచా," అన్నాడు ముత్యాలప్ప.

లక్ష్మీపతి కాసేపు ఆలోచించి, "మహిళా సాధికారత" అని రాసుకున్నాడు.

మూతి కుట్టిన సంచులు వాన కోసం కాచుకున్నాయి. వాన పదిహేడు రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చినది మాత్రం బాగా వచ్చింది. జానెడు లోతు తడిసింది. మర్నాడు తెల్లారకముందే ఊరంతా గొర్రులు కట్టి విత్తేశారు. ముత్యాలప్ప ఎనిమిది చేలకూ పోయి, గట్టు మీద నిలబడి, విత్తనం సాలులో పడడం చూసి వచ్చాడు.

ఏడో రోజుకు చేత్తో ఒలిచిన విత్తనం వేసిన చేలల్లో పగుళ్లు వచ్చి, ముడుచుకున్న ఆకులు బయటికి తొంగిచూశాయి. సుంకప్ప చేలో, యంత్రాన్ని నమ్మిన మిగతా ఏడిళ్ల చేలల్లో ఏమీ లేదు. ఎనిమిదో రోజు ఏమీ లేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం సుంకప్ప మనిషిని పంపించి ముత్యాలప్పను పిలిపించాడు.

చేను మధ్యలో సుంకప్ప గొంతుకూర్చుని ఉన్నాడు. ముత్యాలప్ప వచ్చాక, సాలులో వేలు దూర్చి ఒక గింజ తీసి అతని అరచేతిలో పెట్టాడు. నల్లబడి, మెత్తగా, వేలికి అంటుకుంది. ముగ్గిన వాసన. రెండడుగులు జరిగి ఇంకోటి తీశాడు. అదీ అంతే. పదో గింజ దాకా అట్లా తీసి, ముత్యాలప్ప అరచేయి నిండాక, లేచి పంచె దులుపుకున్నాడు.

"తిడితే బాగుండు," అన్నాడు ముత్యాలప్ప.

"తిట్టేకి ఓపిక లేదప్పా," అని సుంకప్ప ఎద్దుల వైపు నడిచాడు.

అరచేతిలోని గింజలను పంచె కొంగున ముడేసుకుని ముత్యాలప్ప కొలిమికి తిరిగి వచ్చాడు. దారిలో ఇద్దరు పలకరించారు, వినబడలేదు. యంత్రాన్ని కొలిమి దగ్గరికి ఈడ్చి, జల్లెడ ఊడదీసి, చువ్వలను నిప్పుల మీద పెట్టాడు. పొద్దు వాలడానికి ఇంకా రెండు గంటలుంది. సాయంత్రానికి యంత్రం ఉండదు. రేపటికి నాలుగు పారలు ఉంటాయి. మూడు తరాల కొలిమి, ఎప్పటిలాగే, ఒక్క తప్పూ చేయనిదిగా మిగులుతుంది.

"తిప్పు," అన్నాడు.

మల్లీశ్వరి పంకా చక్రం మీద చెయ్యి పెట్టలేదు.

"తిప్పమంటాండా గదా. పొద్దు పోతాంది."

"తిప్పను. మన చెక్క ఒకతూరి చూసి రాపో."

"మన చెక్కలో ఏముండాది చూసేకి?"

"మొలిచినాయి. ఆ యంత్రంలో ఒలిచినవే, నా చేత్తో ఇత్తినవే. నువ్వు ఊరి చేలన్నీ తిరిగితివి గానీ ఇంటి ఎనక చెక్క చూడలే."

ముత్యాలప్ప వెనక్కి పోయి చూశాడు. నిజంగానే సాళ్లు సాళ్లుగా మొలిచి ఉన్నాయి. ఒకే కాయ, ఒకే యంత్రం, ఒకే వాన. ఒకచోట చావు, ఇంకోచోట మొలక. తిరిగి వచ్చి కొలిమి ముందు నిలబడ్డాడు. పటకారుతో చువ్వను పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది రామసుబ్బమ్మ, కొడవలికి పదును పెట్టించుకోవడానికి. డెబ్బై దాటిన మనిషి. మంచికి వచ్చినా చెడుకు వచ్చినా కొడవలితోనే వచ్చేది. యంత్రాన్నీ నిప్పులనూ చూసి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏమప్పా, పొద్దుగూకేలోపల కనపడకుండా చేస్తాండావా? అచ్చం మీ నాయన మాదిరే."

"మా నాయన ఏం చేసినాడవ్వా?"

"ఇదే." ఆమె చేతిలోని కొడవలి పైకెత్తింది. నలభై ఏళ్లు అరిగి అరిగి విదియనాటి చంద్రుడిలా మిగిలిన కొడవలి. "దీన్ని కొడవలి అనుకున్నావా? కాయలొలిచే యంత్రం ఇది. నా చిన్న కూతురు పుట్టిన ఏడు మీ నాయన చేసినాడు. ఐదిండ్లోళ్లం ఇస్తిమి. ఒక్క గింజ మొలవలే. ఆ పొద్దే దాన్ని సాగగొట్టి, ఇంటికో కొడవలి ఇచ్చి, తల వంచుకోని పోయినాడు. నువ్వు అప్పటికి పసివాడివి."

ముత్యాలప్ప పటకారు కింద పెట్టాడు.

"నాకు ఎన్నడూ చెప్పలేదే."

"ఎవురికి చెప్పినాడు గనక? మేమూ అడగలే. పాపం, మనిషి చిన్నబోయినాడు, మళ్లీ ఏంటికి అడిగేదని. ఆ పొద్దునుంచే గదా, ఇనుప చెయ్యి పడితే ఇత్తనం సస్తాదనేది."

"అది వేదాల్లో మాట అంటారే!"

"ఏ ఏదం? ఆ మాట మొట్టమొదట అనింది నా మొగుడు. గట్టు మీద కూర్చోని, బీడీ తాగుతా."

మల్లీశ్వరికి నవ్వు వచ్చింది, కానీ మొగుడి ముఖం చూసి ఆపుకుంది. ముత్యాలప్ప కొంగు ముడి విప్పి, ముగ్గిన గింజలను ముసలామె ముందు పట్టాడు. తర్వాత, ఆ కొలిమిలో మూడు తరాలుగా ఎవరూ ఏ ఆడమనిషినీ అడగని ప్రశ్న అడిగాడు.

"అవ్వా, మీరు చేత్తో ఒలిచినాక ఇత్తనాలు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం? ఏం చేయం."

"ఏం చేయకుండా యాడ పెడతారు?"

"యాడ పెడతాం, నడవలో పరుస్తాం. పొద్దంతా ఒలిస్తే నాలుగు చాటలు అయితాయి. నాలుగు చాటలకు మూట కట్టేకి మేమేమన్నా షావుకార్లమా? ఆన్నే పడుంటాయి, అన్నీ ఒలిచేదాకా. కోళ్లు రాకుండా చూసుకుంటాం, అంతే."

"మరి తడి?"

"ఏం తడి?"

"నీళ్లు చల్లి ఒలుస్తారు గదా. గింజకు తడి పట్టింటాది."

"అది ఆరిపోతాదిలే," అంది రామసుబ్బమ్మ, ఇది కూడా ఒక సంగతేనా అన్నట్టు.

కొలిమిలో నిప్పులు చిటపటలాడాయి. ముత్యాలప్ప మెల్లగా బూడిదలో కూలబడ్డాడు. ఇరవై రోజుల పని అరపూటకు తగ్గించానని ఆ వేసవంతా అతను మురిసిపోయాడు. ఆ ఇరవై రోజుల్లో ఒలవడంతో పాటు ఇంకో పని జరుగుతుండేది. ఎవరూ చేయని పని. నడవలో నీడపట్టున గింజ ఆరడం. దానికి పేరు లేదు, కూలి లేదు, అది పని అని చేసే ఆడవాళ్లకే తెలియదు. యంత్రం ఒలవడాన్ని మిగిల్చి ఆరడాన్ని ఎగరగొట్టేసింది. తడి గింజలు అదే రోజు సంచిలోకి ఎక్కి, మూతి కుట్టించుకుని, వాన పడేదాకా ఉడికిపోయాయి. ఒలిచిన నాడే తీసి మొలక కట్టినవి మాత్రం బతికి, అతన్ని నమ్మించాయి. సంచి దొరకని మల్లీశ్వరి గింజలు బతికాయి. ఇనుప చెయ్యి ఎవరినీ చంపలేదు. నాయన యంత్రమూ ఇట్లాగే పోయి ఉంటుంది. ఆయన ఆ యంత్రాన్ని ఒక్క ఏడాది, ఒక్క మూలన, అట్లాగే పడేసి ఉంటే.

ఆ ఆలోచనను ముత్యాలప్ప పూర్తి చేయలేదు. లేచి, వెచ్చబడిన చువ్వలను నిప్పుల మీంచి తీసి, నీళ్ల తొట్టిలో ముంచాడు. చుయ్యిమంది.

పొద్దుగూకింది. మల్లీశ్వరి దీపం ముట్టించి తెచ్చి, గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత లోపల పెట్టింది. చెడిన యంత్రం మీద వెలుతురు పడింది. కొలిమికి ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున్నే ముత్యాలప్ప ఎనిమిది ఇళ్లకూ పోయాడు. ప్రతి గుమ్మం ముందూ ఒకే మాట: "తప్పు నాది. గింజను ఆరనీలే. యంత్రం మంచిదే, నేను సగమే తెలుసుకోని పని మొదలుపెడితిని." కొందరు తలుపు వేసుకున్నారు. ఒకామె పేడనీళ్లు గుమ్మంలో చల్లుతూ అతని కాళ్ల మీద కూడా చల్లింది, చూసుకోలేదన్నట్టు. చివర సుంకప్ప ఇల్లు.

సుంకప్ప అంతా విన్నాడు. నిన్న లేని ఓపిక ఇవాళ వచ్చింది. అమ్మనాలి తిట్లతో మొదలుపెట్టి ఏడు తరాలనూ తిట్టాడు. తిట్టి, ఆయాసం తీర్చుకుని, అరుగు మీద కూర్చున్నాడు.

"మీ నాయనకు ఇత్తనాలిచ్చిన ఐదిండ్లలో మాదొకటి," అన్నాడు. "ఆయప్ప కొడవలి ఇచ్చిపోయినాడు గానీ, ఇట్ల వచ్చి మాట చెప్పలే. మా నాయన సచ్చేదాకా అంటానే ఉండె, ఏమయ్యిందో చెప్పింటే సాలు కదరా అని."

"చెప్పేకి వచ్చినా," అన్నాడు ముత్యాలప్ప.

"వచ్చినావు. నా ఏడు మాత్రం రాలే."

రాలేదు. అది అబద్ధమాడి దాచలేని నిజం. ఎనిమిది ఇళ్లవాళ్లూ ఆలస్యపు పదునులో ఉలవలు చల్లుకున్నారు. పశువులకు మేత దొరికింది, మనుషులకు చారు దొరికింది. ముగ్గురు బెంగళూరు బస్సెక్కారు. అందులో సుంకప్ప ఒకడు. ఎద్దులను మాత్రం అమ్మనివ్వకుండా ముత్యాలప్ప తన దొడ్లో కట్టుకుని మేపాడు. ఆ ఏడు కళ్లాల్లో చేసిన పనికి గింజల్లో రావలసిన కమ్మరి మేర కోసం అతను ఆ ఎనిమిది ఇళ్ల ముఖం చూడలేదు.

శ్రావణంలో లక్ష్మీపతి వచ్చాడు, పచ్చరంగు డబ్బా ఒకటి పట్టుకుని. యంత్రానికి పూయడానికి. సంగతంతా విని డబ్బా కింద పెట్టాడు.

"అన్నా, సభలో యంత్రం గురించి చెప్పండి. మొలవని సంగతి ఎత్తొద్దండి. ఫారంలో దానికి గడి కూడా లేదు."

"గడి లేకపోతే పక్కన రాయి నాయనా."

"పక్కన రాస్తే ఎవరూ చదవరన్నా."

"అయితే నేనే చదువుతా."

అనంతపురం సభలో వేదిక మీద ఏడు కుర్చీలు, ఏడుగురు ముఖ్యులు, పద్నాలుగు నీళ్ల సీసాలు. జ్ఞానాధారిత సమాజంలో నవకల్పనా సంస్కృతిని ఎట్లా పెంపొందించాలో మొదటి వక్త గంటన్నర చెప్పాడు. విఫలమవడానికి భయపడకూడదని మూడుసార్లు నొక్కి చెప్పాడు. సభ మూడుసార్లు చప్పట్లు కొట్టింది. తర్వాత ముత్యాలప్పను పిలిచారు. రంగు వేయని పీపా పక్కన నిలబడి, చిన్న గుడ్డమూట విప్పి, ముగ్గిన గింజలు బల్ల మీద పోసి, ఎనిమిది ఇళ్లవాళ్లకు ఆ ఏడాది ఎట్లా పోయిందో చెప్పాడు. నాలుగు నిమిషాల్లో దిగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియలేదు వాళ్లకు. నీళ్ల సీసాల మధ్య ఆ నల్ల గింజలు భోజనాల దాకా అట్లాగే పడి ఉన్నాయి. వాటి వాసన ముందు వరుస దాకా వచ్చింది. బహుమానం ఇంకెవరికో పోయింది.

బస్టాండులో అతని వెనకే ఒక మనిషి పరుగున వచ్చాడు. సోమందేపల్లె వైపు రైతట, పేరు బయ్యన్న.

"అన్నా, ఎన్ని దినాలు ఆరబెట్టల్ల?"

"నీడన వారం. కొరికితే టక్కుమనల్ల. అంతవరకు సంచి ముట్టొద్దు."

"ఎండలో పెడితే?"

ముత్యాలప్ప ఆలోచించాడు. "తెలీదప్పా. నువ్వు రొంత ఎండలో, రొంత నీడలో పెట్టి చూడు. ఏదయ్యిందీ నాకు వచ్చి చెప్పు. చెడితే తప్పకుండా చెప్పు."

తిరిగి వచ్చాక కొలిమి తూర్పు గోడకు వరుసగా మేకులు కొట్టాడు. యంత్రానికి కొత్త జల్లెడ బిగించి, చెడిందనుకున్నదాన్ని మొదటి మేకుకు తగిలించి, కింద సున్నంతో రాశాడు: చువ్వలు మంచివి. గింజను ఆరనీలేదు. 2003. రెండో మేకుకు, కొలత గుర్తు తెచ్చుకుని, సందు ఎక్కువైన పాత జల్లెడలాంటిది ఇంకోటి కావాలని చేసి తగిలించాడు. చెడగొట్టడానికే ఒక వస్తువు చేయడం చూసి తాత పైనుంచి పటకారు విసిరి ఉంటాడని ఊళ్లో చెప్పుకున్నారు. మూడో మేకును బయ్యన్న నింపాడు. ఎండలో పొర విడిపోయిన గింజల సంచి ఒకటి తెచ్చి ఇచ్చాడు. తర్వాత్తర్వాత మల్లీశ్వరి తగిలించిన దూలం ఒకటి, ఇంకెవరో తెచ్చిన విరిగిన గొర్రు గొట్టం ఒకటి. బాగా పనిచేసే వస్తువులు గోడ మీద లేవు. అవి చేలల్లో ఉన్నాయి.

మరుసటి వేసవిలో సుంకప్ప బెంగళూరు నుంచి వచ్చాడు. భుజాలు కాయలు కాచి ఉన్నాయి. అరువు తెచ్చుకున్న విత్తనకాయల సంచి దించి, గోడ మీది రాతలు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తర్వాత యంత్రం దూలం పట్టుకుని తానే ఊపడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఒలిచిన గింజలను ముత్యాలప్ప చాటకెత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పక్కకు పోప్పా. ఆరబోసేది నేను చూసుకుంటా. నీకు అనుభవం చాలదు."

ఆ ఏడు అతని నాలుగు ఎకరాలూ మొలిచాయి. వాన మధ్యలో ముఖం చాటేసింది, కాయ సగమే నిండింది. అది వేరే సంగతి. దానికి ఇంకా ఎవరూ యంత్రం చేయలేదు.

2007 చలికాలంలో రామసుబ్బమ్మ కర్ర ఊతంగా కొలిమికి వచ్చింది. పదును పెట్టించుకోవడానికి కాదు.

"గడ్డి కోసేకి చేతగాదు నాయనా. దీన్ని నీ గోడకు పెట్టుకో," అని కొడవలి ఇచ్చింది.

మొదటి మేకుకు ముందు ఇంకో మేకు కొట్టాడు ముత్యాలప్ప. కొడవలి తగిలించి, సున్నం ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మల్లీశ్వరి పంకా తిప్పడం ఆపి చూసింది. చివరికి ఇట్లా రాశాడు:

ఇది కొడవలి కాదు. మా నాయన చేసిన కాయలొలిచే యంత్రం. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.